అడవిల ఊరు లేదా? - పాత కాంట్రా ఆటలు మళ్లీ ఆడినాక

పత్రికకు ఒక సమీక్ష రాసి ఇమ్మని మా తెలుగు సార్ అడిగితే తరగతిలో అందరూ సినిమా రాస్తామన్నారు. నేను వీడియో గేమ్ మీద రాస్తానంటే వెనక బెంచీలో నవ్వారు. సార్ మాత్రం నవ్వలేదు. "రాయి. కానీ ఎట్ల ఆడాల్నో రాయకు. అది మంచిదా కాదా, ఎందుకు, అది రాయి" అన్నారు. అందుకని ఇది ఆట నేర్పే వ్యాసం కాదు, ముందే చెప్తున్నా.

ఆట పేరు కాంట్రా. జపాన్‌లోని కొనామి కంపెనీ 1987లో దీన్ని బజార్లో పైసలు వేసి ఆడే పెద్ద మెషీన్ల కోసం తయారుచేసింది. 1988లో ఇంట్లో టీవీకి పెట్టుకునే నింటెండో డబ్బాకు మార్చింది. మన దేశంలో ఎక్కువ మంది ఆడింది ఆ రెండోదే, అది కూడా అసలు డబ్బాలో కాదు. అచ్చం దానిలాగే పనిచేసే సస్తా సెట్లు వచ్చేవి కదా, వాటిలో.

మా ఇంట్లో ఉన్న సెట్టు మా కాకది. ఆయన బడిలో చదివేటప్పుడు మంచిర్యాల బజార్లో కొన్నాడట. అప్పుడు ప్రాణహిత మీద బ్రిడ్జి లేదు. అంకిస నుంచి సిరొంచ పోయి, అక్కడ పడవెక్కి అర్జునగుట్ట రేవులో దిగి, చెన్నూరు మీదుగా బస్సులో పోవాలి. తిరిగి వచ్చేటప్పుడు సెట్టు తడవకుండా ఒళ్లో పెట్టుకొని, పైన మా బాపు అంగీ కప్పుకొని కూర్చున్నాడట. ఈ కథ మా ఇంట్లో ఎన్నిసార్లు చెప్పారో లెక్క లేదు. ఒక్కోసారి పడవ ఊగుతుంది, ఒక్కోసారి ఊగదు.

మొన్న దీపావళి సెలవుల్లో అటుక మీద బియ్యం డబ్బాల వెనక ఆ సెట్టు దొరికింది. ఒక రిమోట్ వైరు ఎలుక కొరికింది. కాక టేపు చుట్టి బాగుచేశాడు. క్యాసెట్ తీసి రెండుసార్లు గట్టిగా ఊది పెడితే టీవీలో బొమ్మ వచ్చింది. క్యాసెట్ మీద 9999 ఆటలు అని రాసి ఉంది. నేనూ తమ్ముడూ కూర్చొని చూస్తే అవే ఆటలు పేరు మార్చుకొని మళ్లీ మళ్లీ వస్తున్నాయి. కాంట్రా ఒక్కటే చాలా చోట్ల ఉంది. ఒకచోట రెండో స్టేజీ నుంచి మొదలవుతుంది. ఒకచోట మంచి తుపాకీ ముందే చేతిలో ఉంటుంది. ఒకచోట 30 లైఫ్‌లు ఉంటాయి. కాక అవేవీ ముట్టనియ్యలేదు. "అసలుది ఆడుండ్రి, మూడు లైఫులది" అన్నాడు.

మొదటి రోజు మేము మొదటి స్టేజీలో సగం కూడా పోలేదు.

కాంట్రాలో ఒక్క గుండు తగిలితే చావే. ఇప్పటి ఫోన్ ఆటల్లో తల మీద ఒక గీత ఉంటుంది, దెబ్బ తగిలిన కొద్దీ అది తగ్గుతుంది, మందు తాగితే మళ్లీ పెరుగుతుంది. ఇందులో అసలు గీత లేదు. మొదట నాకు ఇది అన్యాయం అనిపించింది. ఇంత కష్టం పెడితే పిల్లలు ఎట్ల ఆడుతరు? కానీ రెండు రోజులు ఆడాక ఒక సంగతి గమనించాను. శత్రువు గుండ్లు చాలా మెల్లగా వస్తాయి. తెల్లటి చుక్కల్లాగా, కంటికి కనిపిస్తూ వస్తాయి. "తుపాకి గుండు గిట్ల నడుసుకుంట వస్తదా?" అని తమ్ముడు ఎగతాళి చేశాడు. నా లెక్కలో ఆట అంతా ఆ నడకలోనే ఉంది. గుండు కనిపిస్తుంది, దూకడానికి టైమ్ ఉంటుంది, గాల్లో ఉన్నప్పుడు కూడా వెనక్కి మళ్లొచ్చు. ఇన్ని ఉండి కూడా చస్తే తప్పు నాదే. టీవీ మీద కోపం రాదు, మన మీద మనకే వస్తుంది. ఫోన్ ఆటల్లో ఓడిపోతే నాకు ఎప్పుడూ గట్ల అనిపించలేదు. అక్కడ ఓడిపోతే పైసలు కట్టి బతకమంటుంది.

ఇంకో సంగతి తుపాకులది. గాల్లో చిన్న డబ్బాలు ఎగురుతూ వస్తాయి, వాటిని కాలిస్తే అక్షరం పడుతుంది. ఎమ్ అంటే గుండ్లు వరుసగా వస్తాయి, ఎల్ అంటే లేజర్, ఎస్ అంటే ఒకేసారి ఐదు గుండ్లు విసనకర్ర విప్పినట్టు పోతాయి. అందరికీ ఎస్ కావాలి. కానీ చస్తే ఆ తుపాకీ పోతుంది, మళ్లీ మామూలుది పట్టుకొని మొదలుపెట్టాలి. లైఫ్ పోయినందుకు కన్నా ఎస్ పోయినందుకు ఎక్కువ ఏడుపు వస్తుంది. ఎస్ దొరికిన క్షణం నుంచి మనం భయంతో ఆడతాం. ఏమీ లేనప్పుడు ధైర్యంగా ఆడతాం. నేను ఎస్ లేకుండానే బాగా ఆడతానని కాక అన్నాడు. అది పొగడ్తో కాదో అర్థం కాలేదు.

అన్నీ మంచివే అని రాస్తే సార్ ఒప్పుకోరు కాబట్టి చెడు కూడా రాస్తున్నా. రెండో స్టేజీ, నాలుగో స్టేజీ కోట లోపల జరుగుతాయి. అక్కడ మనల్ని వెనక నుంచి చూపిస్తారు. గుండు దగ్గర ఉందా దూరం ఉందా తెలియదు. గది తర్వాత గది, అన్నీ ఒకటే లెక్క. పైన చెప్పిన న్యాయం ఈ రెండు స్టేజీల్లో సగమే ఉంది. ఆరో స్టేజీలో మంటలు చిమ్ముతుంటాయి. అవి ఎక్కడ వస్తాయో ముందే తెలిసినవాడు బతుకుతాడు, తెలియనివాడు చస్తాడు. అది నేర్పు కాదు, బట్టీ. మాకు దహావి పరీక్షలకు అది చాలు కదా, ఆటలో కూడా ఎందుకు?

మూడో స్టేజీ జలపాతం. నాకు అన్నిటికన్నా ఇష్టమైంది, మా ఇంట్లో లొల్లి పెట్టింది కూడా అదే. అందులో ముందుకు కాదు, పైకి ఎక్కాలి. రాళ్లు దొర్లుతుంటాయి. ఇద్దరు ఆడితే ఒకడు తొందరగా ఎక్కినప్పుడు టీవీలో బొమ్మ పైకి జరుగుతుంది, కింద మిగిలినవాడు చచ్చిపోతాడు. శత్రువు ఎవడూ చంపక్కర్లేదు, పక్కనోడి తొందరే చంపుతుంది. నేను తమ్ముణ్ని అట్ల నాలుగుసార్లు చంపాను. కావాలని కాదు. వాడు నమ్మలేదు.

ఇంకో వింత ఉంది. ఒకరి లైఫ్‌లు అన్నీ అయిపోతే, ఏ బటన్ నొక్కి రెండోవాళ్ల లైఫ్ ఒకటి తీసుకొని మళ్లీ రావొచ్చు. అడగనక్కర్లేదు, నొక్కితే చాలు. తమ్ముడు దాచుకున్న ఆఖరి లైఫ్ నేను గట్ల తీసుకున్నాను, తీసుకొని రెండు అడుగులు వేసి చచ్చాను. రిమోట్ కింద పడేసి వెళ్లిపోయాడు. అన్నం తినేటప్పుడు కూడా మాట్లాడలేదు. ఆ రాత్రి కాక చెప్పాడు, వాళ్లిద్దరికీ కూడా ఇదే లొల్లి అయిందట. మా బాపు కాక లైఫ్ తీసుకొని ఐదో స్టేజీలో, ఆ మంచు స్టేజీలో, పోగొట్టాడట. బాపును అడిగితే "నేను తీసుకోలె, వాడే ఇచ్చిండు" అన్నాడు. ఇరవై ఏండ్లయినా తెగలేదు.

ఈ ఆట తయారుచేసినవాళ్లు ఆ బటన్ ఎందుకు పెట్టారో కానీ, నాకు అది ఆటలో అన్నిటికన్నా తెలివైన పని అనిపిస్తుంది. ఇద్దరూ ఒకటే టీవీ చూస్తూ పక్కపక్కన కూర్చుంటారు కాబట్టి దొంగతనం చేసినవాడి మొహం అక్కడే కనిపిస్తుంది. ఇప్పుడు ఫోన్‌లో ఎక్కడో ఉన్న మనిషితో కలిసి ఆడతాం. అతను కోపగించుకున్నాడో లేదో మనకు తెలియదు.

30 లైఫ్‌ల సంగతి కూడా రాయాలి, లేకుంటే పాతోళ్లు అడుగుతారు. ఆట మొదలయ్యే ముందు పైకి పైకి, కిందికి కిందికి, ఎడమ కుడి, ఎడమ కుడి, బి, ఏ అని నొక్కితే 3కు బదులు 30 లైఫ్‌లు వస్తాయి. ఇది మొదట కాంట్రాది కాదు. కొనామి వాళ్లదే గ్రాడియస్ అని విమానాల ఆట ఉంది. దాన్ని 1986లో ఇంటి డబ్బాకు మార్చేటప్పుడు కజుహిసా హాషిమోటో అనే ఆయనకు ఆడి పరీక్షించడం కష్టమైందట. తన కోసం ఈ వరుస పెట్టుకున్నాడు. దాన్ని తీసెయ్యకుండానే ఆట బజార్లోకి వచ్చింది. ఆయన 2020లో చనిపోయాడు. తయారుచేసినవాడికే కష్టమైందంటే నాకు కొంచెం ధైర్యం వచ్చింది. అప్పట్లో ఈ వరుసను మంచిర్యాలలో ఎవరో చెబితే కాక బస్సులో మర్చిపోకుండా చేతి మీద పెన్నుతో రాసుకొని వచ్చాడట. మేము కూడా ఒకరోజు 30తో ఆడి చూశాం. చివరి దాకా పోయాం. కానీ ఎవరం దూకలేదు, ఎవరం ఆగలేదు, చస్తే చచ్చాం అని నడిచాం. జలపాతంలో లొల్లి కూడా కాలేదు. అయిపోయాక ఇద్దరికీ ఏమీ అనిపించలేదు. మళ్లీ 3కే వచ్చాం.

ఇంతవరకే అయితే నేను సమీక్ష ఇక్కడ ఆపేదాన్ని. కానీ మా బాపమ్మ ఒక మాట అంది.

ఆమె రోజూ మా వెనక కూర్చొని బియ్యం ఏరుతుంది. టీవీ వైపు చూడదు అనుకున్నాం. ఒకరోజు మేము జలపాతం దగ్గర ఉండగా అడిగింది:

"గా అడవిల ఊరు లేదా బిడ్డా?"

"లేదు బాపమ్మా. అందరు శత్రువులే."

"మరి గా నీళ్లు ఎవలు తాగుతరు? గంత నీళ్లు పడుతున్నయి, ఒక్క బర్రె సుత కనవడది."

తమ్ముడు నవ్వాడు. నాకు కూడా నవ్వొచ్చింది. కానీ ఆ తర్వాత ఆడుతుంటే మొదటి స్టేజీ నాకు వేరేగా కనిపించింది. చెట్లున్నాయి, గుట్టలున్నాయి, కింద నీళ్లున్నాయి, దాటుతుంటే పేలిపోయే వంతెన ఉంది. ఎండాకాలంలో తునికాకు తెంపేవాళ్లు లేరు. ఇప్పపువ్వు ఏరడానికి తెల్లవారక ముందే గంప పట్టుకొని పోయేవాళ్లు లేరు. ఒక్క బాట కూడా మనుషులు నడిచి పడినట్టు లేదు. మా వైపు అడవి ఎప్పుడూ ఖాళీగా ఉండదు. ఎవరూ లేరనుకున్న చోట కూడా ఎవరిదో ఒక గొర్రె అరుస్తుంది.

గడ్చిరోలి జిల్లా పేరు టీవీలో, పేపర్లో ఎందుకు వస్తుందో చదివేవాళ్లకు తెలుసు. నేను ఆ సంగతి రాయబోవడం లేదు, నాకు రాసేంత తెలియదు కూడా. బాపమ్మ దాని గురించి ఎప్పుడూ మాట్లాడదు. కానీ తుపాకీ పట్టుకున్న మనిషి చెట్ల మధ్య పరిగెత్తుతుంటే ఆమెకు కనిపించేది, మాకు కనిపించేది ఒకటి కాదు. అది నాకు ఆ రోజు తెలిసింది.

అందుకే ఈ ఆట కథ ఏంటో వెతికి చదివాను. జపాన్‌లో అమ్మినప్పుడు కథ 2633వ సంవత్సరంలో, న్యూజిలాండ్ దగ్గర ఒక ద్వీపంలో జరుగుతుందన్నారు. అమెరికాలో అమ్మేటప్పుడు ఇచ్చిన పుస్తకంలో మన కాలంలోనే అమెజాన్ అడవిలో జరుగుతుందన్నారు. యూరప్‌లో 1990లో ప్రోబోటెక్టర్ అని పేరు మార్చి, ఇద్దరు సైనికుల్నీ రోబోలు చేశారు, శత్రువుల్లో చాలా మందిని కూడా అట్లనే మార్చారు. జర్మనీలో పిల్లల ఆటల్లో హింస మీద కట్టడి గట్టిగా ఉండడం దానికి కారణం. ఇన్ని మార్పులు చేసినా చెట్టు చెట్టుగానే ఉంది, గుట్ట గుట్టగానే ఉంది. ఒకటే బొమ్మను న్యూజిలాండ్ పక్కన పెట్టొచ్చు, అమెజాన్‌లో పెట్టొచ్చు. ఎందుకు పెట్టగలిగారంటే అందులో ఎవరూ ఉండరు కాబట్టి. ఒక్క ఇల్లు గీసి ఉంటే అది ఎక్కడి ఇల్లో చెప్పాల్సి వచ్చేది. బాపమ్మ అడిగిన ప్రశ్నకు నాకు దొరికిన జవాబు ఇదే.

పేరు కూడా వెతికాను. జపాన్ వాళ్లు దాన్ని మూడు అక్షరాలతో రాస్తారు. అందులో మొదటిదానికి ఆత్మ అని, రెండోదానికి పోరాటం అని అర్థం వస్తుంది. అది పలికే తీరు కోసం కూర్చిన పేరు. కానీ ఆ రోజుల్లో కాంట్రాలు అంటే ప్రపంచానికి వేరే మనుషులు. నికరాగువా దేశంలో శాండినిస్టా ప్రభుత్వం మీద తిరగబడ్డ సాయుధులను అట్ల పిలిచేవారు. అమెరికా వాళ్లకు సాయం చేసేది. ఇరాన్‌కు ఆయుధాలమ్మిన పైసలు వాళ్లకు పంపారని 1986లో బయటపడి పెద్ద గొడవైంది. ఆట వచ్చింది ఆ మరుసటి ఏడే. పెద్ద మెషీన్ ఆటలో చివర వచ్చే సంగీతానికి పెట్టిన పేరు కూడా శాండినిస్టానే. అంటే తయారుచేసినవాళ్లకు ఆ వార్తలు తెలుసు. నిజంగా జనం చచ్చిన యుద్ధం నుంచి పేరు తీసుకున్నారు, జనాన్ని మాత్రం తీసుకోలేదు. ఇది నాకు నచ్చలేదు. ఆట నచ్చుతూనే ఇది నచ్చలేదు. రెండూ ఒకేసారి ఉండొచ్చా అని సార్‌ను అడిగితే "అదే రాయి" అన్నారు.

తర్వాతి ఆటలు కూడా చూడాలి కదా, అప్పుడే పోలిక తెలుస్తుంది. ఇంటి డబ్బాకు రెండో ఆట 1990లో సూపర్ సి అనే పేరుతో అమెరికాలో వచ్చింది. అది కూడా మా క్యాసెట్‌లోనే ఉంది. బొమ్మలు బాగున్నాయి, నేల ఏటవాలుగా ఉంటుంది, మంటల తుపాకీని నొక్కి పట్టి పెద్దగా వదలొచ్చు. కోట గదులు తీసేసి, వాటి బదులు పైనుంచి చూసే స్టేజీలు పెట్టారు. మొదటి ఆటలో నేను చెప్పిన చెడును వాళ్లే సరిచేసినట్టు అనిపించింది. పాత వరుస నొక్కితే 30 రావు. వేరే వరుస ఉంది, దానికి 10 లైఫ్‌లే. అన్నీ మంచిగనే ఉన్నాయి, కానీ జలపాతంలాంటి చోటు ఒక్కటి నాకు గుర్తు లేదు. ఆడి నెల కూడా కాలేదు, అప్పుడే మర్చిపోయానంటే అది నా తప్పు మాత్రమే కాదనుకుంటా.

మూడోది 1992లో కొత్త డబ్బా కోసం వచ్చింది. మంచిర్యాలలో మా మేనబావ కంప్యూటర్లో ఆడాను. చేతిలో రెండు తుపాకులు పెట్టుకోవచ్చు, చస్తే పట్టుకున్నదే పోతుంది, రెండోది మిగులుతుంది. బాంబులున్నాయి. పైన వేలాడుతూ పోవచ్చు, ట్యాంకు కూడా ఎక్కొచ్చు. బావ దీన్నే అన్నిటికన్నా గొప్పది అంటాడు. చూడ్డానికి గొప్పదే, రోడ్డు మొత్తం మంటలు లేస్తుంటే నోరు తెరుచుకొని చూశాను. కానీ రెండో తుపాకీ వల్ల నాకు ఎస్ పోతుందన్న భయం సగం పోయింది, భయంతో పాటు నా దూకుడు కూడా సగం తప్పింది. ఇంకొకటి, ఈ ఆట మొదలయ్యేది అడవిలో కాదు, నగరంలో. బిల్డింగులు కూలి ఉంటాయి, కార్లు ఆగి ఉంటాయి. ఊరు వచ్చింది, మనుషులు ఇంకా రాలేదు. బాపమ్మ ఉంటే ఈ కార్లు ఎవలవి అని అడిగేది.

కాబట్టి మూడింట్లో మొదటిదే మంచిదని నా అభిప్రాయం. బావ ఒప్పుకోడు. పక్కన మనిషి ఉండాలి, మూడు లైఫ్‌లే ఉండాలి. ఆ రెండూ ఉంటే ఇప్పటికీ అది పాతబడలేదు. ఇద్దరు సైనికుల్ని రోబోలు చేసినా నేను అంతే ఆడేదాన్ని. అడవిని ఇంకేదైనా చేసి ఉంటే ఇంకా బాగా ఆడేదాన్నేమో, చెప్పలేను.

బడి తెరవడానికి ముందు ఆదివారం మేము దాన్ని పూర్తిచేశాం. క్యాసెట్‌లో ఆగినచోటు గుర్తుండదు, కరెంటు పోతే మొదటికే. ఆ రోజు పోలేదు. చివర్లో గుండెకాయలాంటి శత్రువు ఉంటాడు, కొట్టుకుంటూ ఉంటాడు. అక్కడికి వచ్చేసరికి నాకు ఒక్కటీ లేదు, తమ్ముడికి రెండు. నేను బటన్ నొక్కలేదు. వాడే "తీస్కో అక్కా" అన్నాడు. (బాపు చెప్పింది కూడా నిజమే కావొచ్చు.) గుండెకాయ పగిలింది. హెలికాప్టర్ ఎగిరింది, వెనక ద్వీపం మొత్తం పేలిపోయింది. నువ్వు హీరోవి అని ఇంగ్లీషులో రాసి చూపించారు. కాక చప్పట్లు కొట్టాడు.

బాపమ్మ చేట పక్కన పెట్టి చూసింది.

"మొత్తం పేల్సిండ్రా?"

"మొత్తం బాపమ్మా."

"నీళ్లు సుత?"

తమ్ముడు నా వైపు చూశాడు, నేను కాక వైపు చూశాను. కాక క్యాసెట్ తీసి, ఊది, మళ్లీ పెట్టాడు. మొదటి స్టేజీ వచ్చింది. చెట్లు, గుట్టలు, కింద నీళ్లు ఎక్కడివక్కడే ఉన్నాయి.